పసిజల్లెడ

2079 నాటికి విశాఖపట్నం మురుగునీళ్ళు తియ్యగా ఉండేవి.

మాటవరసకు చెప్పడం కాదు. కాలవ గట్ల వెంబడి చీమలు బారులు తీరేవి. ఊరి చివర శుద్ధి కేంద్రంలో ఆ నీళ్ళలోంచి చక్కెర విడదీసి, పులియబెట్టి, బస్సులకు ఇంధనం తీసేవారు. డెబ్భై ఏళ్ళవాళ్ళు మిఠాయి కొట్ల ముందు నిలబడి తాపీగా కాజాలు తినేవారు. ఎవరికి షుగరు ఉందో, ఎవరికి లేదో చూసి చెప్పడం కష్టమైపోయింది. షుగరు ఉన్నవాళ్ళ పొత్తికడుపులో పనసగింజంత వస్తువు ఒకటి ఉండి, రక్తంలో ఎక్కువైన చక్కెరను ఎప్పటికప్పుడు మూత్రంలోకి జారవిడిచేది. దాని పేరు పసిజల్లెడ.

దాన్ని కనిపెట్టింది డాక్టర్ శార్వాణి. ఆమె పరిశోధనాలయం భీమిలి దారిలో, సముద్రానికి ఎదురుగా ఉండేది. కొత్తగా చేరినవాళ్ళకు ఆమె ఈ విషయాన్ని ఎప్పుడూ ఒకేలా వివరించేది. మన కిడ్నీలు రక్తాన్ని వడకట్టినప్పుడు నీటితోపాటు చక్కెర కూడా గొట్టాల్లోకి దిగుతుంది. గొట్టాల గోడల్లో ఉండే ప్రోటీన్లు దాన్ని పట్టుకుని మళ్ళీ రక్తంలోకి మోసుకుపోతాయి. ఇంగ్లీషులో వాటిని ట్రాన్స్‌పోర్టర్లంటారు. శార్వాణి వాటిని బోయీలు అనేది. పెద్దవాళ్ళ కిడ్నీలో బోయీల దండు ఎంత పెద్దదంటే, ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రంలోకి చక్కెర దాదాపు దిగనే దిగదు. కానీ ఆ దండు పుట్టుకతో రాదు. ఎలుకపిల్ల అయినా, కుందేలు కూన అయినా, మనిషి బిడ్డ అయినా, క్షీరదం ఏదైనా సరే, కడుపులో ఉన్నప్పుడు బోయీలు కొద్దిమందే ఉంటారు. పెద్ద బరువులు మోసేవాళ్ళు తరవాత తరవాత చేరతారు. అందుకే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల మూత్రంలో చక్కెర కనిపిస్తుంది. వాళ్ళ కిడ్నీకి దాన్ని పట్టి ఉంచే బలం ఇంకా రాలేదన్నమాట. ఒక కిడ్నీ కణం నిమిషానికి ఎంత చక్కెర పట్టుకోగలదో కొలిస్తే, ఆ కణం వయసెంతో చెప్పవచ్చు. ఆ కొలతకు శార్వాణి ‘చక్కెర పట్టు’ అని పేరు పెట్టింది.

అలాంటి పసికణాలతో ఒక జల్లెడ చేసి, అవి ఎప్పటికీ ఎదగకుండా వాటి జన్యువుల్లో ఒక తాళం వేయడమే ఆమె చేసిన పని. దాన్ని ‘ఎదుగుదల గడియ’ అన్నారు. గడియ పడ్డ కణం గర్భంలోని ఎనిమిదో నెల దగ్గరే ఆగిపోతుంది. చక్కెర పట్టుకోవడం దానికి ఎన్నటికీ చేతకాదు. ఆ చేతకానితనమే మందు. 2064లో మొదటి జల్లెడ తయారయింది. పదిహేనేళ్ళకు నలభై ఒక్క లక్షల మంది ఒళ్ళలో అది ఉంది. ప్రతి జల్లెడా రోజూ తన కొలతల్ని పరిశోధనాలయానికి పంపేది. వాటిని చదివి భద్రపరిచే యంత్రాన్ని అందరూ లేఖరి అని పిలిచేవారు.

ఆ సంవత్సరం వేసవిలో సోంపేట నుంచి కూర్మినాయుడు అనే పెద్దాయన వచ్చాడు. చేపల పడవలు బాగుచేసే మనిషి. చేతిలో స్టీలు డబ్బా, అందులో మందునీళ్ళలో తేలుతూ ఒక జల్లెడ ఉన్నాయి. అది ఆయన భార్య నీలవేణి ఒంట్లోంచి తీసినది. ఆమె చనిపోయి అప్పటికి పన్నెండు రోజులయింది.

ఆయనతో మాట్లాడింది నౌషీన్. శార్వాణి దగ్గర నాలుగేళ్ళుగా పనిచేస్తున్న ముప్ఫై ఏళ్ళ శాస్త్రవేత్త. ఆయన చెప్పినదంతా ఆమె ఓపిగ్గా విన్నది. నీలవేణికి జల్లెడ పెట్టి తొమ్మిదేళ్ళు. ఇన్సులిన్ మానేసింది, పథ్యం మానేసింది, ఇష్టమైన జీడిపప్పు పాకం రోజూ తినేది. ఏ ఇబ్బందీ లేదు. ఈ మార్చిలో దాహం మొదలయింది. ఎండలు కదా అనుకున్నారు. ఇక్కడినుంచి ఫోనులో ఏదో కబురు వచ్చిందట, అర్థంకాక వదిలేశారు. ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న మనిషి మళ్ళీ కళ్ళు తెరవలేదు. మూడో రోజున పోయింది.

“ఆస్పత్రోలేటో తప్పు తిన్నాదంతన్నారు,” అన్నాడు కూర్మినాయుడు. “తొమ్మిదేల్లు అదే తిన్నాది. అప్పుడు తప్పు కానిది ఇప్పుడెలగయ్యింది? అది సెప్పండి సాలు.”

చెప్తానని నౌషీన్ మాటిచ్చి ఆయన్ని పంపింది. అదే వారంలో శుద్ధి కేంద్రం ఇంజనీర్ల దగ్గరనుంచి ఒక ఉత్తరం వచ్చి ఆమె బల్లమీద ఉంది. మురుగునీళ్ళలో చక్కెర ఏడాదిగా కొద్దికొద్దిగా తగ్గుతోందట. కారణం మీకేమైనా తెలుసా అని అడిగారు. జనం మిఠాయిలు తగ్గించి ఉంటారని ఆమె అప్పుడు తేలిగ్గా తీసుకుంది. ఇప్పుడా రెండు సంగతులూ పక్కపక్కన కనిపించాయి.

నీలవేణి జల్లెడలోని కణాల చక్కెర పట్టు కొలిచింది. అది ఎనిమిదో నెల శిశువుది కావాలి. ఇరవై ఒక్క ఏళ్ళ మనిషిదిగా వచ్చింది. గడియ ఊడింది, కణాలు పెరిగిపోయాయి, బోయీలు దండుగా వచ్చిపడ్డారు. ఒంట్లో చక్కెరను బయటకు పోనివ్వవలసిన జల్లెడ దాన్ని భద్రంగా వెనక్కి మోసింది.

పెట్టి తొమ్మిదేళ్ళే అయిన జల్లెడకు ఇరవై ఒక్క ఏళ్ళెలా వచ్చాయో ఆమెకు అర్థం కాలేదు. ఆస్పత్రుల నుంచి తిరిగివచ్చిన మరో ఎనిమిది జల్లెడలు తెప్పించింది. ఒకటి పన్నెండేళ్ళ కిందట పెట్టినది, ఒకటి రెండేళ్ళ కిందటిది. రాజమండ్రి మనిషిది ఒకటి, రాయగడ మనిషిది ఒకటి. అన్నిటినీ కొలిచింది. ఎప్పుడు పెట్టినా, ఎవరి ఒంట్లో ఉన్నా, గడియ ఊడిన ప్రతి జల్లెడ వయసూ ఒకటే. ఇరవై ఒకటి.

తొమ్మిది ఊళ్ళలో, తొమ్మిది ఒళ్ళలో ఎవరో ఒక్కరే ఉన్నట్టు నౌషీన్‌కు అనిపించింది. గదిలో ఒక్కతే ఉండలేక బయటికి వెళ్ళి కాసేపు సముద్రం వైపు చూస్తూ నిలబడింది. తిరిగివచ్చి లేఖరిని అడిగింది.

“జల్లెడలన్నీ ఏ కణాల నుంచి పెంచారు?”

“అన్నీ ఒకే విత్తన కణాల నుంచి,” అంది లేఖరి. “వాటి పేరు బి.ఎస్. 2058 జులైలో సేకరించినవి. గడియను తట్టుకుని బతికినవి అవి మాత్రమే.”

“ఎవరి కణాలు?”

“ఇరవై తొమ్మిదో వారంలో పుట్టిన ఆడశిశువువి. పదకొండు రోజులు బతికింది.”

“బి.ఎస్. అంటే?”

“ఆస్పత్రి చీటీమీద ఉన్న పేరు. బేబీ ఆఫ్ శార్వాణి.”

2058 నుంచి 2079కి ఇరవై ఒక్క ఏళ్ళు. గడియ తలుపును ఆపింది గానీ గడియారాన్ని ఆపలేకపోయింది. తలుపు వెనక ఆ కణాలు తమ కాలాన్ని తాము లెక్కపెట్టుకుంటూనే ఉన్నాయి. తలుపు తెరుచుకున్నచోటల్లా, ఆ బిడ్డ బతికి ఉంటే ఎంత వయసుండేదో అంత వయసుకు చేరుకుంటున్నాయి.

మర్నాడు ఉదయం నౌషీన్ కొలతల కాగితాలు తీసుకుని శార్వాణి గదిలోకి వెళ్ళింది. శార్వాణికి యాభై ఏళ్ళు దాటాయి. పొట్టిగా, తెల్లజుట్టుతో, ఎప్పుడూ నూలు చీరలో ఉండేది. కాగితాలు చూసి ఆశ్చర్యపోలేదు. నౌషీన్‌ను కూర్చోమంది. మొదట ఊడిన గడియ ఆరేళ్ళ కిందట అనకాపల్లిలో ఒకాయనదని ఆమే చెప్పింది. ఆ ఏడాది తొమ్మిది, మరుసటేడు నలభై, ఇప్పుడు పదకొండు వేలు. ఊడినట్టు తెలియగానే ఏదో ఒక సాకుతో వాళ్ళను పిలిపించి కొత్త జల్లెడ పెట్టించేది, లేకపోతే మందులు మార్పించేది. నీలవేణి వరకూ ఎవరికీ ప్రాణాపాయం రాలేదు. సోంపేటకు పంపిన కబురుకు జవాబు రాకపోతే మళ్ళీ పంపింది. మనిషిని పంపాల్సింది. పంపలేదు.

“గడియ ఊడుతోందని మొదటి ఏడాదే చెప్పి ఉంటే అందరూ జాగ్రత్తపడేవారు కదా మేడమ్,” అంది నౌషీన్.

“చెబితే మళ్ళీ గడియ వేయమనేవారు. వేసే మందు నా దగ్గర అప్పుడే ఉంది.”

నౌషీన్ ఆమె ముఖంలోకి చూసింది. శార్వాణి తల దించుకోలేదు. చాలాకాలంగా ఎవరికైనా చెప్పాలనుకుంటున్న మనిషిలా మెల్లగా చెప్పుకుపోయింది. బిడ్డ పుట్టినప్పుడు ఆమె ఇంకా పరిశోధక విద్యార్థి. గాజు పెట్టెలో పదకొండు రోజులు. బారసాల కాలేదు, పేరు పెట్టలేదు. మూత్రంలో చక్కెర పోతోందని నర్సు చెప్పినప్పుడు, పెద్దయితే అదే సర్దుకుంటుందని తానే నర్సుకు వివరించింది. పెద్దవడం ఆ బిడ్డకు రాసిపెట్టి లేదు. పోయాక కణాలు దాచింది. అనకాపల్లి ఆయన జల్లెడ కొలత పదిహేనేళ్ళని చూపిన రోజున ఆమె ఇంటికి వెళ్ళి, వంట చేసుకుని, తినలేక కూర్చుంది. ఆ తరవాత ఏటా జులైలో పాప పుట్టినరోజున లేఖరిని కొలతలడిగేది. పదహారు. పదిహేడు. పద్ధెనిమిది. కొలత ఒక్క ఏడాదీ తప్పలేదు.

“ఒక్కరిలో కనిపిస్తే అది నా పిచ్చి అనుకునేదాన్ని,” అంది శార్వాణి. “వెయ్యిమందిలో ఒకే వయసు కనిపిస్తే, అది నా పాప.”

నౌషీన్ కాగితాలు తీసుకుని బయటికి వచ్చింది. ఆ సాయంత్రమే ఆరోగ్య శాఖకు అంతా రాసి పంపింది. తన తండ్రి సలీం ఒంట్లోనూ జల్లెడ ఉంది. ఆయన పేరు ఆ పదకొండు వేలలో ఉందో లేదో అప్పటికింకా ఆమె చూడలేదు. చూడకుండానే రాసింది.

విచారణ నెల రోజులు జరిగింది. శార్వాణి అడిగినదేదీ దాచలేదు, ఎవరినీ తప్పుపట్టలేదు. ఆఖరి రోజున కూర్మినాయుడిని పిలిచి, అడగాల్సింది ఉంటే అడగమన్నారు. ఆయన భుజంమీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. శార్వాణి వైపు తిరిగాడు.

“మీ ఆడగుంట పోయిందంతే నాకూ బాధేనమ్మా,” అన్నాడు. “మా ఇంటిదాయికి తెలిస్తే అదీ బాధపడును. నీ కడుపులో ఓ గుంట పెరుగుతన్నాదని దానికి సెప్పుంటే ముద్దుగానే సూసుకునీది. పాకం మానీమంటే మానీసీది. దానికి పిల్లల్లేరు.” తువ్వాలు మడిచాడు. “మోసేవోలికి సెప్పకుండా బరువు పెంచకూడదు. మాం పడవలోలం. మాకది తెల్సు. ఇన్ని సదివినోలు, మీకు తెల్లేదు.”

శార్వాణి లేచి ఆయనకు చేతులు జోడించింది. ఆయన తిరిగి జోడించలేదు, తిట్టనూ లేదు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమెను పదవినుంచి తప్పించారు. ఆమె దగ్గర ఉన్న గడియ మందును పరీక్షించి, బాగానే పనిచేస్తుందని తేల్చారు. గడియ ఊడిన కణాలు అలాగే పెరిగితే కంతులు కట్టే ప్రమాదం కూడా ఉందని తెలిసింది. అందువల్ల ఊడినవాళ్ళకూ ఊడనివాళ్ళకూ, నలభై ఒక్క లక్షల మందికీ, మూడేసి సూదులు వేయాలని నిర్ణయించారు. ఆ పని నౌషీన్‌కు అప్పగించారు.

సంగతి పత్రికల్లో వచ్చాక జనం రకరకాలుగా మారారు. కొందరు భయపడి జల్లెడ తీయించుకున్నారు. ఒంట్లో ఎవరో ఉన్నట్టుందని, నిద్ర పట్టడం లేదని వచ్చినవాళ్ళున్నారు. తునిలో ఒకాయన, లోపల ఆడపిల్ల ఉందని నలభై ఏళ్ళ చుట్ట అలవాటు మానేశాడు. పాలకొల్లులో ఒకావిడ సూది వేయించుకునే ముందు, పిల్లకు నొప్పి పుడుతుందా అని నర్సును అడిగింది. నర్సు ఏం చెప్పాలో తెలియక నౌషీన్‌కు ఫోను చేసింది. పుట్టదని చెప్పమంది నౌషీన్.

తండ్రికి తానే సూది వేసింది. ఆయన పేరు పదకొండు వేలలో ఉంది. మందు వేశాక ఒక్కసారిగా గడియ పడదు. తొమ్మిది రోజులపాటు కణాలు ఒక్కొక్క మెట్టూ వెనక్కి దిగుతాయి. లేఖరి పంపే కొలతలు ఆమె ఇంట్లో కూర్చుని చూసింది. మొదటి రోజు ఇరవై ఒకటి. రెండో రోజు పద్ధెనిమిది. తరవాత పదమూడు, తొమ్మిది, ఆరు, నాలుగు. ఏడో రోజున రెండేళ్ళు. ఎనిమిదో రోజున నెలల బిడ్డ. తొమ్మిదో రోజున, ఇంకా పుట్టనిది. సలీం ఆరోగ్యం కుదుటపడింది, నాలుగైదు రోజులకే హల్వా అడిగాడు. నౌషీన్ ఆయనకు హల్వా తెచ్చిపెట్టి వంటగదిలోకి వెళ్ళి ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని తండ్రి అడిగితే అలసట అని చెప్పింది.

అయిదు నెలలకు పని పూర్తయింది. 2080 జనవరిలో ఒక ఉదయం లేఖరి లెక్క చెప్పింది. సూదులు అందరికీ అందాయి. గడియలు అన్నీ పడ్డాయి. ఒక్కటి తప్ప. ఆ ఒక్క జల్లెడకు రోగి పేరు లేదు. ఏ ఆస్పత్రీ దాన్ని పెట్టినట్టు రాయలేదు. కొలతలు మాత్రం రోజూ వస్తున్నాయి, భీమిలి నుంచి.

నౌషీన్ మూడు సూదులు సంచిలో పెట్టుకుని బయలుదేరింది.

శార్వాణి భీమిలిలో సముద్రం వైపు తెరుచుకునే చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. ఎండలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నౌషీన్‌ను చూసి, వచ్చిన పనేమిటో అడగకుండానే పక్కన పీట వేసింది. ఇద్దరూ కాసేపు కాయలు ఒలిచారు. తరవాత శార్వాణి తానే చెప్పింది. అనకాపల్లి ఆయన ఒంట్లోంచి తీసిన జల్లెడను ఆరేళ్ళ కిందట తన ఒంట్లో పెట్టించుకుంది. తనకు షుగరు లేదు. ఎదిగిన జల్లెడ ఆమెకు మేలూ చేయదు, కీడూ చేయదు. ఒక చిన్న కిడ్నీలా తన పని తాను చేసుకుంటుంది.

“కంతి కట్టవచ్చని మీకు తెలుసు కదా మేడమ్.”

“తెలుసు. గడియ లేని కణం ఎటైనా పోవచ్చు.” ఒలిచిన కాయలను పళ్ళెంలో వేసింది. “పెరిగే పిల్లలంతా అంతే కదమ్మా. ఎటు పోతారో మనం కట్టేయలేం.”

నౌషీన్ సంచిమీద చెయ్యి వేసుకుని కూర్చుంది. శార్వాణి అటు చూసి, చీర కుచ్చిళ్ళు కొంచెం పక్కకు సర్దుకుని పొత్తికడుపు చూపించింది. ఎడమవైపు చిన్న కుట్టు గుర్తు ఉంది.

“వేసెయ్యి. నేను కాదనను. కాదనే హక్కు నాకు లేదు. కూర్మినాయుడుగారు ఆ మాట అన్న రోజే వేసుకుందామని సూది చేతిలోకి తీసుకున్నాను. నా చేత్తో కాలేదు.” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “పోయిన నెల దాని పట్టు పెరగడం ఆగింది. చూశావా? ఇంక పెరగదు. పెద్దదైపోయింది. ఇక్కడినుంచి నాలాగే ముసలిదవుతుంది. అదొక్కటే చూడాలని ఉంది గానీ, అది పెద్ద కోరికేనని నాకు తెలుసు.”

నౌషీన్ సంచి తెరిచింది. సూది బయటికి తీసింది. మందు ఎక్కించి, మొనపై బుడగ తీసేసి, చాలాసేపు పట్టుకుంది. పాలకొల్లు ఆవిడ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. వంటగదిలో తను ఏడ్చిన రోజు గుర్తొచ్చింది. నీలవేణి కూడా గుర్తొచ్చింది, స్టీలు డబ్బాతో సహా. ఆ మనిషి చావుకు కారణమైన మౌనమేమిటో తనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా ఆమె చెయ్యి కదలలేదు. ఎప్పటికో సూదికి మూత పెట్టి సంచిలో వేసుకుని లేచింది. వెళ్ళొస్తానని చెప్పిందో లేదో ఆమెకే తెలియదు. శార్వాణి గుమ్మం దాకా వచ్చింది గానీ కృతజ్ఞత చెప్పలేదు. చెప్పి ఉంటే నౌషీన్ వెనక్కి తిరిగేదేమో.

పరిశోధనాలయంలో లేఖరి ఆమె కోసం కాచుకుని ఉంది.

“మిగిలిన జల్లెడకు మందు అందిందా?”

“లేదు.”

“కారణం రాయాలి. కారణం లేకుండా లెక్క ముగియదు. ఆరోగ్య శాఖ అయిదింటికల్లా పంపమన్నది.”

నౌషీన్ కుర్చీలో కూర్చుంది. లేఖరి తెరమీద భీమిలి కొలత వెలుగుతోంది. మిగిలినవన్నీ పసికూనల కొలతలు, వరసగా, లక్షల కొద్దీ.

“లేఖరీ, ఆరేళ్ళ కిందట అనకాపల్లి జల్లెడ వయసు పదిహేనని వచ్చినప్పుడు, కారణం ఏమని రాయాలని శార్వాణిగారిని అడిగావా?”

“అడిగాను.”

“ఏమన్నారు?”

“‘కొలతలో పొరపాటు, తరవాత మళ్ళీ చూడాలి’ అని రాయమన్నారు.”

నౌషీన్ కళ్ళు మూసుకుంది. ఆ మాట అనడానికి శార్వాణికి ఎంతసేపు పట్టిందని అడిగింది. నాలుగు నిమిషాలని చెప్పింది లేఖరి. తనకు అంతకంటే ఎక్కువే పట్టింది.

“ఇదీ అలాగే రాయి,” అంది.

లేఖరి రాసుకుంది.